విజయశ్రీ ఏ జిల్లా పిల్ల?

విజయశ్రీ మొదటిసారి మా కొట్టుకొచ్చింది షట్టరు దింపించడానికి. 2011 సెప్టెంబరు, సకల జనుల సమ్మె రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల సందులో మాది జిరాక్సు షాపు. ఆన్‌లైన్ అప్లికేషన్లు కూడా నింపుతాను. మా ఆయన భానుమూర్తి గారు మందుల కంపెనీలో పనిచేసేవారు, కొట్టు మాత్రం పూర్తిగా నాదే. తెనాలి నుంచి వచ్చి అప్పటికి ఇరవై ఏడేళ్లు. ఉద్యమం మొదలయ్యాక ఎప్పుడు బందో, ఎప్పుడు కాదో దేవుడికే తెలియాలి. నాకసలే ముక్కు మీద కోపం.

పదిమంది పిల్లలు జెండాలు పట్టుకుని వచ్చారు. ముందు ఒక సన్నటి పిల్ల, చున్నీ నడుముకి బిగించి కట్టింది.

"ఆంటీ, జర షట్టర్ దించుండ్రి. బంద్ అని ఎర్క లేదా?" అంది.

"మీరు బందన్నప్పుడల్లా మూసుకుంటే నేనేం తినాలమ్మా?"

"ఇన్నేండ్లు మా నౌకరీలు తిన్నరు గద మీవోళ్లు. గవి అరగనీయుండ్రి."

వెనకున్న పిల్లలు పకపకా నవ్వారు. నాకు ఒళ్లు మండింది. "నేను తిన్నది కాపీకి రూపాయి, అదీ రెండువైపులా వేస్తే" అన్నాను. ఈసారి ఆ పిల్లే నవ్వేసింది. తుప్పు పట్టిన మా షట్టరు సగంలో ఇరుక్కుంటే, జెండా పక్కన పెట్టి, రెండు చేతులా లాగి తనే దించింది. వెళ్తూ వెళ్తూ, "నూనె ఎయ్యుండ్రి ఆంటీ, రేపు తీసేతప్పుడు పరేషానయితది" అని చెప్పి మరీ వెళ్లింది.

సమ్మె అయిపోయిన వారానికి నోట్సుల కట్ట పట్టుకుని మళ్లీ వచ్చింది. "ఏం, ఆంధ్రావాళ్ల కొట్టు పనికొచ్చిందా?" అని దెప్పాను. "మీ కాడ కాపీ సాఫ్ ఒస్తది ఆంటీ" అంది, ఏమాత్రం తడుముకోకుండా. అలా మొదలైంది మా ఇద్దరి పరిచయం. తర్వాత మూడేళ్లలో మేము పోట్లాడుకోని విషయం లేదు. నీళ్లు, ఉద్యోగాలు, గోంగూరలో పచ్చిమిర్చి వెయ్యాలా ఎండుమిర్చి వెయ్యాలా, అన్నీ.

తనకి అప్పటికి పాతికేళ్లు. పొద్దున ఎల్బీనగర్‌లో కొరియర్ ఆఫీసులో పని, సాయంత్రం మా సందు చివర రీడింగ్ హాల్లో చదువు. కోచింగుకి డబ్బుల్లేవు, చేరిన పిల్లల నోట్సు అడిగి తెచ్చి నా దగ్గర కాపీలు తీయించుకునేది. మా అమ్మాయి సింధూరది కూడా అదే వయసు, అదే పరీక్ష. మా సింధూర పుస్తకం తెరిస్తే పది నిమిషాల్లో గురక. దాన్ని చదివించమని విజయశ్రీని బతిమాలేదాన్ని. "మీ అమ్మాయికి చెప్పి చెప్పి నాకే రివిజనయితుంది ఆంటీ" అనేది.

విజయశ్రీకి కావలసింది ఒక్కటే, సర్కారు ఉద్యోగం. ఏదో ఒకటి కాదు, నల్గొండ జిల్లాలోనే. వాళ్ల ఊరికో, పక్క ఊరికో వీఆర్వోగా వెళ్లాలని. చిన్నప్పుడు వాళ్ల నాన్న చేతిలో పొలం పహాణీ కాగితం పట్టుకుని ఆఫీసు గడప ముందు ఎండలో రోజంతా నిలబడడం చూసిందట. "నేను ఆ కుర్సీల కూసుంటే ముందుగాల బయట నిలబడ్డోళ్లను లోపలికి పిలుస్త" అనేది. ఈ మాట అంటున్నప్పుడు మాత్రం పోట్లాట గొంతు ఉండేది కాదు.

వాళ్ల నాన్న బక్కయ్య డీసీఎం వ్యాను డ్రైవరు. ఎల్బీనగర్ అడ్డాలో బండి పెట్టుకుని, ఇల్లు సామాన్లు, సిమెంటు, ఏది దొరికితే అది వేసుకెళ్లేవాడు. సరూర్‌నగర్ చెరువు వెనక రెండు గదుల కిరాయి ఇల్లు. భార్య లచ్చమ్మ నాలుగిళ్లలో వంట చేసేది. బక్కయ్యకి గొంతు పెద్దది. మా కొట్టు ముందు బండి ఆపి "అమ్మా, బాగున్నరా!" అంటే సందంతా తిరిగి చూసేది. కూర్చోబెట్టి టీ ఇస్తే చాలు, ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరని కథ ఒకటుంది ఆయన దగ్గర.

"మా ఊరు కోదాడ అవతల, బార్డర్ మీద. బడి నాలుగో తరగతి దాంక. పంతులు జెండ పండుగకొస్తే మల్ల జెండ పండుగకే. పిల్ల గొర్లెంబడి పోతదేమోనని బుగులయింది నాకు. మా చెల్లె గప్పుడు జగ్గయ్యపేటల ఉంటుండె. వాగు దాటాలె. మొలలోతు నీళ్లమ్మా! బిడ్డను భుజాల మీద కూసోవెట్టుకొని దాటిచ్చిన. అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది, నాలుగేండ్లు ఆడనే సదివిచ్చిన. ఇంగిలీసు, లెక్కలు అన్నీ ఆడ వట్టినవే. మల్ల చెల్లెవాళ్లు ఖమ్మం పొయిండ్రు, తొమ్మిది, పది కోదాడల ఏసిన. నేను నా బతుకుల జేసిన మంచిపని గదొక్కటే."

విజయశ్రీ పక్కన నిలబడి "ఇగ సాలు నాయినా, ఆంటీకి నోటికొచ్చింది" అనేది. అనేదే గానీ, ఆ భుజాలు, ఆ నీళ్లు వచ్చేసరికి ప్రతిసారీ ముసిముసిగా నవ్వుకునేది.

ఆ కథ నాకు నోటికొచ్చిన మాట నిజమే. అందుకే ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేను.

ఆ డిసెంబరులో వీఆర్వోల నోటిఫికేషను పడింది. మా సందులో ఇసకేస్తే రాలని జనం. సర్వర్ ఐదు నిమిషాలు పనిచేస్తే అరగంట నిద్రపోయేది. ఫారంలో ఏడు గళ్లుంటాయి. నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా ఏ ఏడాది ఏ జిల్లాలో చదివారో ఒక్కొక్క గడిలో నింపాలి. లోకలా, నాన్‌లోకలా తేలేది అక్కడే. ఊరు ఎక్కడన్నది, తాతలు ఎక్కడివాళ్లన్నది ఎవరికీ అక్కర్లేదు. పదో తరగతితో కలిపి వరసగా చివరి నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడ లోకలు. అలా కుదరకపోతే ఏడేళ్లలో ఏ జిల్లాలో ఎక్కువ ఏళ్లు చదివితే ఆ జిల్లా.

ఇదంతా నాకు తెలుసు. వేల ఫారాలు నింపినదాన్ని. కానీ నూటికి తొంభై మంది ఒకే ఊళ్లో చదివినవాళ్లే వస్తారు. ఏ జిల్లా అని ఒక్కసారి అడగడం, ఏడు గళ్లూ టకటకా అదే కొట్టేయడం నాకు అలవాటైపోయింది.

"ఏ జిల్లా?" అన్నాను, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

"గదేం ప్రశ్న ఆంటీ! నల్గొండ."

ఏడు సార్లు నల్గొండ కొట్టాను. బక్కయ్య కథ నా చెవుల్లోనే ఉంది. వేళ్లకి మాత్రం అందలేదు. "ఒకసారి చూసుకో" అన్నాను. "సబ్మిట్ గొట్టుండ్రి, మల్ల సర్వర్ పోతది" అంది. కొట్టేశాను. వెనక లైన్లో ఎవరో "తొందరగా మేడం" అని కేకేశారు.

సంక్రాంతి వెళ్లాక పరీక్ష జరిగింది. ఫలితాలు వచ్చిన రోజు విజయశ్రీ కొట్టు మెట్లు ఎక్కలేక కింద నుంచే అరిచింది. జిల్లాలో నూటపద్నాలుగో ర్యాంకు. లోకల్ పోస్టులు అంతకన్నా చాలానే ఉన్నాయి. వచ్చేసినట్టే! మా సింధూరకి రంగారెడ్డిలో వేలల్లో ర్యాంకు వచ్చింది, దాని సంగతి వదిలేయండి. నేను ఆ పిల్లని కావలించుకుని ఏడ్చాను. నా కడుపున పుట్టినదానికి రాకపోయినా అంత సంతోషం ఎందుకొచ్చిందో నాకే తెలీదు. బక్కయ్య ఆ రోజు బండి తోలలేదు. అడ్డాలో ఉన్న డ్రైవర్లందరికీ చాయ్ తాగించి, ఒక్కొక్కరికీ వాగు కథ మళ్లీ మొదట్నుంచీ చెప్పాడట.

సర్టిఫికెట్ల పరిశీలనకి పిలుపొచ్చింది. చదివిన ప్రతి బడి నుంచీ స్టడీ సర్టిఫికెట్ తేవాలి. విజయశ్రీకి కొరియర్ ఆఫీసులో సెలవు దొరకలేదు. "నేను దెస్త బిడ్డా, నా బడి గది" అని బక్కయ్యే జగ్గయ్యపేట వెళ్లాడు. హెడ్మాస్టరుకి పూలదండ వేసి, బడి మొత్తానికి బిస్కెట్లు పంచి, సంతకం, గుండ్రటి సీలు వేయించిన కాగితం తెచ్చాడు. నలగకుండా చొక్కా లోపల పెట్టుకుని తెచ్చాడా మనిషి. తెచ్చి నా కౌంటరు మీద పరిచి, "జర మూడు కాపీలు తియ్యమ్మా" అన్నాడు. తీశాను. అప్పుడు కూడా నా బుర్రకి వెలగలేదు. అయిదు నుంచి ఎనిమిది, కృష్ణా జిల్లా అని అంత స్పష్టంగా రాసి ఉంది కదా!

నల్గొండకి నేనూ వెళ్లాను, ఫారం నింపినదాన్ని కాబట్టి ఏదైనా అడిగితే చెప్పొచ్చని. బక్కయ్యకి ఆ రోజు విజయవాడ లోడు. వద్దన్నా వినకుండా ఎల్బీనగర్ రింగ్ రోడ్డు దాకా వచ్చి మమ్మల్ని బస్సెక్కించాడు.

బల్ల వెనక కూర్చున్నాయన పేరు రామమోహనరావు. పెద్దమనిషి, జుట్టంతా తెల్లబడింది. కాగితాలు ఒక్కొక్కటే తిప్పుతూ ఫారం వైపు, సర్టిఫికెట్ల వైపు మార్చి మార్చి చూశాడు. వేళ్ల మీద లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

"ఏ జిల్లా అమ్మా?"

"నల్గొండ సార్."

"నీది గాదు బిడ్డా, నీ సదువుది."

విజయశ్రీకి అర్థం కాలేదు. నాకు అయింది.

"నాలుగు మన జిల్లా. అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది కృష్ణా. తొమ్మిది, పది మన జిల్లా. ఏడేండ్లల్ల నాలుగు ఆడ, మూడు ఈడ. నువ్వు కృష్ణా జిల్లా లోకల్ అయితవమ్మా. ఈడ నాన్‌లోకల్."

"సార్, నేను తెలంగాణ బిడ్డను" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. షట్టర్లు దింపించిన గొంతు కాదది. "మా ఊరు ఈడనే సార్. మా తాత, మా ముత్తాత ఈడనే. సమ్మెల నలభై రెండు రోజులు రోడ్డు మీద కూసున్న సార్."

"నాకెర్కలేదా బిడ్డా? నాది సూర్యాపేటనే. నేనూ సమ్మె జేసినోన్నే" అన్నాడాయన. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కాయిదం గట్ల ఉంది. నేనేం జేయాలె?"

నాన్‌లోకల్ వాళ్లు కూడా పోటీపడే ఓపెన్ పోస్టులు కొన్ని ఉంటాయి. వాటికి తన ర్యాంకు చాలలేదు. ఫారంలో ఏడు గళ్లూ నల్గొండ అని తప్పు పెట్టినందుకు కేసు పెట్టకుండా, పొరపాటని రాయించుకుని వదిలేయడమే ఆయన చేసిన మేలు. ఆ పొరపాటు కాగితం రాసింది నేను. రెండుసార్లు తప్పు రాసి, చింపి మళ్లీ రాశాను.

తిరుగు బస్సులో చౌటుప్పల్ దాటాక నేనే ఉండబట్టలేక, "నా వల్లేనమ్మా. ఆ రోజు నేను ఒక్కమాట సరిగ్గా అడిగి ఉంటే తెలిసేది. కృష్ణా జిల్లాకి పెట్టి ఉంటే అక్కడ లోకల్‌వి. ఈ పాటికి ఉద్యోగంలో ఉండేదానివి" అన్నాను. నన్ను తిట్టిపోస్తుందని ఎదురుచూశాను. తిడితే బాగుండుననే అనిపించింది.

"మీరడిగినా నేను నల్గొండకే పెడుదును ఆంటీ" అంది. కిటికీలోంచి చూస్తూ, "ఆంధ్రల నౌకరి జేస్త అని ఎట్ల పోదును? మీతోని గన్ని కొట్లాటలు పెట్టుకొని" అని నవ్వబోయింది. ఆ నవ్వు రాలేదు. అప్పుడు ఏడ్చింది. ముందు సీటు కమ్మీకి నుదురు ఆనించి, చప్పుడు లేకుండా, హయత్‌నగర్ డిపో వచ్చేదాకా ఏడ్చింది. నేను వీపు నిమురుతూ కూర్చున్నాను. అంతకన్నా చేయగలిగింది నా దగ్గర ఏమీ లేదు.

డిపో దాటాక ముఖం తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది.

"ఆంటీ, మా నాయినకు చెప్పొద్దు. ఎప్పటికీ చెప్పొద్దు. ఒట్టేయుండ్రి."

"ఏం చెప్తావు మరి?"

"మార్కులు తక్కువైనయని చెప్త. గా బడి వల్లనే పోయిందని తెలిస్తే ఆయన బతుకడు. ఆయన చెప్పుకోనీకి ఉన్నది గదొక్కటే కథ."

ఒట్టేశాను. నోరు మూసుకోవడం చేతకానిదాన్ని, ఒట్టేశాను.

రెండు రోజుల తర్వాత బక్కయ్య కొట్టుకొచ్చాడు. ఈసారి సందులో ఎవరూ తిరిగి చూడలేదు, అంత మెల్లగా వచ్చాడు. వెనక విజయశ్రీ.

"ఒక్కొక్క పోస్టుకు ఎక్కువమందిని పిలిచిండ్రట గదమ్మా. ఈమెకు మార్కులు తక్కువైనయట. నిజమేనా?"

నేను తలూపాను.

ఆయన కూతురి వైపు తిరిగాడు. అంతకాలం పిల్లని "నువ్వు" అని గట్టిగా అనడం కూడా నేను వినలేదు. "ధర్నాలు, ర్యాలీలు! తెల్లారిలేస్తే జెండ! గా నలభై రెండు దినాలు పుస్తకం ముందట కూసుంటే నాలుగు మార్కులు ఎక్కువ రాకపోవునా? గంత మంచి బడిల ఏసిన. మొలలోతు నీళ్లల్ల మోసుకపోయిన. దాని ఫలితం గిదేనా బిడ్డా?"

విజయశ్రీ తల దించుకుంది. "తప్పయింది నాయినా" అంది.

అరుద్దామని నోటిదాకా వచ్చింది. నీ కూతురికి మార్కులేం తక్కువ కాలేదయ్యా, నూటపద్నాలుగో ర్యాంకుకి రావాల్సిన ఉద్యోగమే అది, అని. విజయశ్రీ కళ్లు నా మీదే ఉన్నాయి. కౌంటరు మీద కాగితాలు సర్దుతూ నిలబడ్డాను.

ఆ తర్వాత తను ఏ ఫారమూ నింపలేదు. కొత్తపేటలో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరుగా చేరింది. ర్యాలీలకి మాత్రం వెళ్లడం మానలేదు. "ఇంకా ఎందుకే, వాళ్ల లెక్కలో నువ్వు ఆంధ్రాదానివి కదా" అని ఒకసారి నోరు జారాను. "కాయిదంల ఆంధ్ర, కడుపుల తెలంగాణ" అంది. ఆ పూట ఇంక నాతో మాట్లాడలేదు. నాలుక కోసుకోవాలనిపించింది.

2014 జూన్ రెండు. రాష్ట్రం వచ్చింది. పొద్దున్నుంచీ దిల్‌సుఖ్‌నగర్ అంతా టపాసులు, డప్పులు, రంగులు. నేను కొట్టు తియ్యాలా వద్దా అని సగం షట్టరు ఎత్తి కూర్చున్నాను. బక్కయ్య వచ్చాడు. పాత గొంతు తిరిగొచ్చింది ఆయనకి, సందంతా మోగిపోయింది. చేతిలో జిలేబీ పొట్లం, నెత్తి మీద రంగు, పక్కన కూతురు.

"అమ్మా, మొత్తం తెరువుండ్రి షట్టరు! మీరు భయపడేడిది ఏం లేదు. మీరు మావోళ్లే. మీ సింధూరమ్మ ఈడ పుట్టె, ఈడ సదివె, లోకలే గద!"

జిలేబీ ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. ఇంకొకటి తీసి కూతురి నోటికి అందించాడు.

"రెండేండ్ల కింద నిన్ను ఒక మాటన్న బిడ్డా. మనసుల వెట్టుకోకు. గప్పుడు వేరేటోళ్లు నడుమ జొచ్చి ఎగరేసుకపొయిండ్రు, గందుకే నీకు రాలే. ఇగ మన రాష్ట్రం. నాన్‌లోకల్ అనేటోన్ని గడప తొక్కనియ్యరట. ఒక్కన్ని గూడ! ఇగ నీకు అడ్డమెవ్వరు, చెప్పు?"

విజయశ్రీ ఆ జిలేబీ నమిలి మింగేదాకా ఆయన కూతురి ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు. జవాబు కావాలి ఆయనకి.

"ఎవ్వరు లేరు నాయినా" అంది.